‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’, ‘లిటిల్’, ‘లెస్’: సూత్రాలు తెలిసినా మాట్లాడేటప్పుడు ఎందుకు తప్పుతున్నాయి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివారు. ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం. ఫ్యూ, ఎ ఫ్యూ, లిటిల్, ఎ లిటిల్, మచ్, మెనీ, లెస్, ఫ్యూయర్ వంటి మాటల సూత్రాలన్నీ కంఠస్థం చేశారు. పరీక్షలో ఖాళీలు నింపమంటే నింపగలరు. మాట్లాడేటప్పుడు, మెయిల్ రాసేటప్పుడు మాత్రం తప్పు దొర్లుతోంది. మొన్న ‘వెరీ లెస్ టైమ్’ అని రాస్తే మీ పై అధికారి దాని కింద ఎర్రగీత గీశారు, కారణం చెప్పలేదు. ఈ తికమక పోయే దారి ఏమిటని అడిగారు.

సూటిగా చెబుతాను. నోరు తెరిచే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ వస్తువును ఇంగ్లీషులో ‘ఎన్ని’ అని అడుగుతారా, ‘ఎంత’ అని అడుగుతారా? ఇది మొదటిది. నేను ‘ఉంది’ అని చెప్పదలచుకున్నానా, ‘లేనట్టే’ అని చెప్పదలచుకున్నానా? ఇది రెండోది. మెనీ కావాలా మచ్ కావాలా, ఫ్యూ కావాలా లిటిల్ కావాలా అన్నది మొదటి ప్రశ్న తేలుస్తుంది. ముందు ‘ఎ’ ఉండాలా వద్దా అన్నది రెండో ప్రశ్న తేలుస్తుంది. మీ ఎర్రగీత మాత్రం ఈ రెండింటి వల్ల వచ్చింది కాదు. తెలుగులో ‘తక్కువ’ అనే ఒక్క మాట చేసే పనిని ఇంగ్లీషు నాలుగైదు మాటలకు పంచిపెట్టింది. అది ఆ పంపకం వల్ల వచ్చిన చిక్కు. దాని దగ్గరికి తరువాత వస్తాను.

నేను ఇరవై నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఇంగ్లీషు బోధిస్తున్నాను. మొదట మలక్‌పేటలో ఒక పాఠశాలలో, తరువాత నారాయణగూడలో సాయంత్రం తరగతుల్లో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మీలాగే తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు చేసే తప్పులను నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. చూడగా చూడగా ఒకటి అర్థమైంది. ఈ మాటల దగ్గర మనం చేసే తప్పులు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. దాదాపు ప్రతి తప్పు వెనకా ఒక తెలుగు మాట ఉంటుంది. ఆ మాటను పట్టుకుంటే తప్పు దానంతట అదే బయటపడుతుంది. అది పట్టుకోకుండా సూత్రాలు ఎన్ని బట్టీపట్టినా మీకు జరిగినట్టే జరుగుతుంది. అందుకే ఇదంతా తెలుగు వైపు నుంచి చెబుతున్నాను.

‘ఎన్ని’, ‘ఎంత’ మనకు కొత్తవి కావు. లెక్కించదగినవి, లెక్కించరానివి అని వ్యాకరణ పుస్తకాలు పాఠం మొదలుపెడతాయి. ఆ విభజన మన నోట్లో ముందే ఉంది. ‘అరటిపళ్లు ఎన్ని?’ అంటాం, ‘నూనె ఎంత?’ అంటాం. ‘నూనె ఎన్ని?’ అని చిన్నపిల్లలు కూడా అనరు. కొన్ని–కొంత, అన్ని–అంత కూడా ఇదే వరుస. ‘ఎన్ని’ వచ్చేచోట మెనీ, ఫ్యూ, ఫ్యూయర్ వస్తాయి. ‘ఎంత’ వచ్చేచోట మచ్, లిటిల్, లెస్ వస్తాయి. మనుషుల విషయంలో ‘ఎంతమంది’ అంటాం కాబట్టి అందులోని ‘ఎంత’ను చూసి మోసపోకండి. దాన్ని ‘ఎందరు’ అని మార్చుకోండి. అది ‘ఎన్ని’ జట్టులోదే. అందుకే ‘హౌ మెనీ పీపుల్’.

ఇంతవరకు తేలికే. ఇబ్బంది పాలగిన్నె దగ్గర మొదలవుతుంది.

పెరుగు ఉంది అంటాం, పాలు ఉన్నాయి అంటాం. మజ్జిగ ఉంది, నీళ్లు ఉన్నాయి. నూనె అయిపోయింది, బియ్యం అయిపోయాయి. ఒకే వంటగట్టు మీద పక్కపక్కనే ఉన్న వస్తువుల్లో కొన్ని ఏకవచనం, కొన్ని బహువచనం. పాలు, నీళ్లు, బియ్యం తెలుగులో ఎప్పుడూ బహువచనమే. ‘డబ్బు’ అనే ఏకవచనం ఉన్నా రోజువారీ మాటల్లో ‘డబ్బులు లేవు’ అనే అంటాం. అందుకే ‘ఎన్ని నీళ్లు పోయాలి?’, ‘ఎన్ని డబ్బులు కావాలి?’ అని అడుగుతాం, అది తెలుగులో తప్పూ కాదు. ఆ ‘ఎన్ని’ని పట్టుకుని ఇంగ్లీషులోకి దిగితే ‘హౌ మెనీ వాటర్’, ‘హౌ మెనీ మనీ’, ‘ఫ్యూ మిల్క్’ అవుతాయి. మన బస్తీల్లో రోజు విడిచి రోజు నల్లా నీళ్లు వస్తాయి కదా, నా తరగతిలో ఆలస్యానికి కారణంగా ఎన్నిసార్లో విన్న వాక్యం ‘వాటర్స్ ఆర్ కమింగ్, సర్’. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, రైస్, మనీ నాలుగూ ‘ఎంత’ జట్టువే: ‘హౌ మచ్ వాటర్’, ‘ఎ లిటిల్ మిల్క్’, ‘వాటర్ ఈజ్’.

అందుకే మొదటి ప్రశ్నలో ‘ఇంగ్లీషులో’ అన్న మాటను నొక్కి చెప్పాను. తెలుగులో ఎన్ని అంటామా ఎంత అంటామా అన్నది దారి మొదలు మాత్రమే. చివరి మాట ఇంగ్లీషుదే. సలహాలు, వార్తలు, సామాన్లు, ఆధారాలు మనకు బహువచనాలు. వాళ్లకు అడ్వైస్, న్యూస్, లగేజ్, ఎవిడెన్స్ అన్నీ ‘ఎంత’ జట్టు. ‘అడ్వైసెస్’, ‘లగేజెస్’, ‘ఫర్నిచర్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’ అని ఆఫీసుల్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు కూడా రాస్తుంటారు. సలహాలను విడివిడిగా చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి.

డబ్బు గురించి ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు వాదిస్తారు. ‘డబ్బు లెక్కపెట్టుకుంటాం కదా, లెక్కించరానిది ఎలా అవుతుంది?’ అని. మంచి ప్రశ్న. మనం లెక్కపెట్టేది రూపాయలను, నోట్లను. ‘మనీ’ అన్న మాట ముందు అంకె నిలబడదు. ‘త్రీ రుపీస్’ ఉంది, ‘త్రీ మనీ’ లేదు. ‘త్రీ చైర్స్’ ఉంది, ‘త్రీ ఫర్నిచర్’ లేదు. మాట ముందు ‘త్రీ’ పెట్టి చూడండి. నిలబడితే మెనీ, నిలబడకపోతే మచ్. నిలబడుతుందో లేదో చెవికి తెలియకపోతే, విద్యార్థుల కోసం తయారుచేసిన నిఘంటువుల్లో నామవాచకం పక్కన ‘సి’ అనో ‘యు’ అనో చిన్న గుర్తు ఉంటుంది. ‘సి’ ఉంటే ఎన్ని, ‘యు’ ఉంటే ఎంత. పదం అర్థం చూసి నిఘంటువు మూసేస్తాం, ఈ గుర్తును ఎవరూ చూడరు. చూడటం అలవాటు చేసుకోండి, నెల రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

కొన్ని మాటలకు రెండు గుర్తులూ ఉంటాయి. ‘టైమ్’ అంటే సమయం అయితే ‘ఎంత’, ‘సార్లు’ అయితే ‘ఎన్ని’. అందుకే ‘మెనీ టైమ్స్’ ఒప్పు, ‘ఎక్కువ సమయం’ అనే అర్థంలో ‘మోస్ట్ ఆఫ్ ద టైమ్స్’ తప్పు. అక్కడ ‘మోస్ట్ ఆఫ్ ద టైమ్’ అనాలి. ‘ఎక్స్‌పీరియన్స్’ కూడా ఇలాంటిదే. ఉద్యోగ అనుభవం ‘ఎంత’, జీవితంలో ఎదురైన అనుభవాలు ‘ఎన్ని’. దరఖాస్తులో ‘మెనీ ఎక్స్‌పీరియన్సెస్’ అని రాస్తే, చదివేవారికి మీ ఉద్యోగం బదులు మీ జీవితంలో జరిగిన సంఘటనలు గుర్తుకొస్తాయి.

ఇక రెండో ప్రశ్న, ‘ఎ’ సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇది వివరించడానికి ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

మా తరగతికి నాలుగున్నరకు కింద హోటల్ నుంచి ఫ్లాస్కులో ఇరానీ చాయ్, ఒక ప్లేటులో ఉస్మానియా బిస్కట్లు వస్తాయి. ఆ రోజు ఆరుగురు విద్యార్థులున్నారు. అందరూ ఒక్కొక్కటి తీసుకోగా ప్లేటులో నాలుగు మిగిలాయి. అప్పుడే ఆలస్యంగా ఏడో అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఒక కుర్రవాడు ప్లేటు ఆమె వైపు జరిపి, ‘ఇంకా కొన్ని ఉన్నాయి, తీసుకో’ అన్నాడు. అతని పక్కనున్న అబ్బాయి రెండోది తీసుకుందామని చెయ్యి చాపి, ప్లేటు చూసి, ‘అరె, కొన్నే ఉన్నాయి’ అని వెనక్కి తీసుకున్నాడు. నేను పాఠం అక్కడే ఆపేశాను. ప్లేటులో ఉన్నవి నాలుగే, ఇద్దరూ చూసింది ఆ నాలుగింటినే. మొదటివాడి మాట ఇంగ్లీషులో ‘దేర్ ఆర్ ఎ ఫ్యూ బిస్కట్స్’. రెండోవాడి మాట ‘దేర్ ఆర్ ఫ్యూ బిస్కట్స్’. సంఖ్య మారలేదు, చూసే మనసు మారింది.

‘ఎ ఫ్యూ అంటే మూడు నాలుగు, ఫ్యూ అంటే ఒకటి రెండు’ అని కొందరు చెబుతారు. అది నమ్మకండి. ఫ్యూలో అంకె లేదు. పదివేలమంది పట్టే మైదానానికి మూడువందల మంది వస్తే ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అనవచ్చు. ఇంటికి ముగ్గురు చుట్టాలు వస్తే ‘ఎ ఫ్యూ రిలేటివ్స్ కేమ్’ అంటాం. చెప్పేవాడు దేనితో పోల్చుకుంటున్నాడు, ఉన్నదాన్ని చూస్తున్నాడా లేనిదాన్ని చూస్తున్నాడా అన్నదే లెక్క.

ఆ రెండో అబ్బాయి మాటను మళ్లీ చూడండి: ‘కొన్నే’. ఆ చివరి ‘ఏ’ను గమనించారా? కొన్ని – కొన్నే, కొద్దిమంది – కొద్దిమందే, కొంచెం – కొంచెమే. తెలుగులో కొరత చెప్పాలంటే మాట చివర ‘ఏ’ చేరుస్తాం. ఇంగ్లీషులో కొరత చెప్పాలంటే మాట ముందున్న ‘ఎ’ తీసేస్తారు. మన ‘ఏ’ చేరినచోట వాళ్ల ‘ఎ’ పోతుంది. కొంచెం పాలు ఉన్నాయి – ఎ లిటిల్ మిల్క్. కొంచెమే పాలు ఉన్నాయి – లిటిల్ మిల్క్. నాకు కొందరు స్నేహితులున్నారు – ఎ ఫ్యూ ఫ్రెండ్స్. కొందరే ఉన్నారు – ఫ్యూ ఫ్రెండ్స్. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక మా విద్యార్థులు సూత్రం గుర్తుతెచ్చుకోవడం మానేశారు. ముందు తెలుగులో అనుకుని ‘ఏ’ వచ్చిందా లేదా అని వింటారు, అంతే.

అయినా ఈ ‘ఎ’ను మనం ఎందుకు పోగొట్టుకుంటాం? ఒక కారణం మన చెవి. పుస్తకంలో ‘ఎ’ అని కనబడుతుంది కానీ మాటల వేగంలో దాన్ని వాళ్లు ‘ఎ’ అని నిండుగా పలకరు. చాలా తేలికగా, సగం ‘అ’లాగా తగిలీ తగలకుండా పోతుంది. వార్తలు వింటున్నప్పుడు మన చెవిన ‘ఫ్యూ’ మాత్రమే పడుతుంది. విన్నదే మాట్లాడతాం, మాట్లాడిందే రాస్తాం. రెండో కారణం, తెలుగులో ఇలాంటి ఉపపదం లేకపోవడం. ‘ఎ’, ‘ద’ మనకు చిన్న అలంకారాల్లా కనిపిస్తాయి, ఉన్నా లేకపోయినా అర్థం మారదనిపిస్తుంది. చాలాచోట్ల పెద్దగా మారదు కూడా. ఇక్కడ తలకిందులవుతుంది.

ఎంతగా తలకిందులవుతుందో చెప్పడానికి ఒక నర్సు సంగతి చెబుతాను. నల్గొండ వైపు అమ్మాయి, నగరంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ విదేశీ ఉద్యోగానికి ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాయడానికి మా దగ్గరికి వచ్చింది. ఆ పరీక్షలో రోగి వివరాలు ఇచ్చి, ఆ రోగిని చూడబోయే మరొకరికి ఉత్తరం రాయమంటారు. నేనిచ్చిన అభ్యాసంలో శస్త్రచికిత్స తరువాత రోగి ఆహారం దాదాపు ముట్టడం లేదని ఉంది. ఆమె ‘హి ఈజ్ ఈటింగ్ ఎ లిటిల్’ అని రాసింది. అక్షరదోషం లేదు, వాక్యంలో వ్యాకరణం సరిగ్గా ఉంది. నేను ఆమెను ఒకటే అడిగాను: ‘డ్యూటీ మారేటప్పుడు తరువాత వచ్చే సిస్టర్‌కు దీన్ని తెలుగులో ఎలా చెబుతావు?’ ‘సరిగా తినడం లేదు, కాస్త చూడు సిస్టర్ అని చెబుతాను’ అంది. ‘మరి నువ్వు రాసిన ఇంగ్లీషు, కొంచెం కొంచెం తింటున్నాడు, ఫరవాలేదు అని చెబుతోంది’ అన్నాను. ఆమె చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. తరువాత ‘ఎ’ మీద అడ్డంగా గీత కొట్టింది. ‘హి ఈజ్ ఈటింగ్ లిటిల్’ అన్నదాన్ని ఇంకా స్పష్టంగా ‘ఈటింగ్ వెరీ లిటిల్’ అని మార్చమన్నాను. మామూలు మాటల్లో ఒట్టి లిటిల్, ఒట్టి ఫ్యూ కాస్త పుస్తకభాషలా వినిపిస్తాయి. ముందు ‘వెరీ’ చేరితే సహజంగానూ ఉంటుంది, వినేవాడికి అనుమానమూ మిగలదు. కొరత చెప్పదలచుకుంటే ‘వెరీ ఫ్యూ’, ‘వెరీ లిటిల్’ అనండి. మీ ఆఫీసు మెయిళ్లకూ ఇదే నా సలహా.

ఆఫీసు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీలాగే ఆఫీసులో పనిచేసే ఒక విద్యార్థి విదేశంలోని క్లయింట్‌కు ‘వుయ్ ఫౌండ్ ఫ్యూ ఇష్యూస్’ అని రాశాడు. అతని ఉద్దేశం ‘కొన్ని లోపాలు కనబడ్డాయి, చూడండి’ అని. అవతలివాళ్లు ‘లోపాలు పెద్దగా లేవు’ అని చదువుకుని, సంతోషించి, తరువాతి దశకు వెళ్లిపోయారు. వారం తరువాత ఆ లోపాలే మళ్లీ పైకి తేలాయి. అలాగే ‘ఐ హావ్ ఫ్యూ డౌట్స్’ అంటే ‘నాకు అనుమానాలు పెద్దగా లేవు’ అని అర్థం. మీరు ప్రశ్నలు అడగబోతున్నారు కాబట్టి ‘ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్’ అనాలి. ‘డౌట్’ అన్నా వాళ్లకు నమ్మకం లేకపోవడమే స్ఫురిస్తుంది, అందుకే క్వశ్చన్ మంచిది.

‘ఎ’ ఉన్నా అర్థం మారిపోయే చోట్లు రెండున్నాయి. ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అంటే ‘కొన్నే’. అక్కడ మన ‘ఏ’ పనిని ‘ఓన్లీ’ చేస్తుంది. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే చాలానే ఉన్నాయని. ఇది విన్నవాళ్లంతా మొదటిసారి తడబడతారు. ‘క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే ‘బాగానే వచ్చారు’ అని గుర్తుపెట్టుకోండి. ఇక ‘ద ఫ్యూ’ అంటే ‘ఉన్న ఆ కొద్దీ’. ‘ఐ గేవ్ హిమ్ ద ఫ్యూ బుక్స్ ఐ హ్యాడ్’ – నా దగ్గరున్న ఆ కొద్ది పుస్తకాలూ అతనికి ఇచ్చేశాను.

ఇప్పుడు మీ ఎర్రగీత: ‘వెరీ లెస్’. హైదరాబాద్‌లో ఒక్క రోజు చెవులు తెరుచుకుని తిరిగితే ఇది పదిసార్లు వినిపిస్తుంది. ‘శాలరీ ఈజ్ వెరీ లెస్’, ‘ఆదివారం ట్రాఫిక్ వెరీ లెస్’, ‘వెరీ లెస్ పీపుల్’. ఇంతమంది ఒకే తప్పు చేస్తున్నారంటే కారణం భాషలోనే ఉండాలి కదా.

‘సీత రాధ కంటే పొడుగు’ అంటాం. ‘సీత చాలా పొడుగు’ అంటాం. రెండు వాక్యాల్లోనూ ‘పొడుగు’ మారలేదు. తెలుగులో పోలిక పనంతా ‘కంటే’ చేస్తుంది, విశేషణం కదలదు. ఇంగ్లీషులో విశేషణమే రూపం మార్చుకుంటుంది: టాల్, టాలర్. ‘వెరీ టాల్’ అంటారు, ‘వెరీ టాలర్’ అనరు. ఇక మన ‘తక్కువ’ చూడండి. ‘దానికంటే తక్కువ’, ‘చాలా తక్కువ’ – ఇక్కడా అదే మాట, మార్పు లేదు. అలా మారని ‘తక్కువ’కు మనం చిన్నప్పుడే ‘లెస్’ అనే అర్థం అంటించుకున్నాం. కానీ లెస్ అనేది ‘టాలర్’ లాంటి మాట. లిటిల్, లెస్, లీస్ట్ ఒక వరుస. ఫ్యూ, ఫ్యూయర్, ఫ్యూయెస్ట్ ఇంకో వరుస. లెస్ ఎప్పుడూ దేనికంటేనో తక్కువ. అందుకే ‘వెరీ టాలర్’ ఎంత తప్పో ‘వెరీ లెస్’ అంత తప్పు. పోలిక ఉన్నప్పుడు మాత్రం ‘మచ్ లెస్’ అనవచ్చు: నిన్నటి కంటే ఇవాళ ట్రాఫిక్ చాలా తక్కువ.

మరి ‘చాలా తక్కువ’ను ఏమనాలి? తక్కువైనది ఏమిటో చూసి మాట ఎంచుకోవాలి. సమయమైతే ‘వెరీ లిటిల్ టైమ్’. మనుషులైతే ‘వెరీ ఫ్యూ పీపుల్’. జీతం, ధర, మార్కులు, ఉష్ణోగ్రత వంటివైతే ‘వెరీ లో’. దూరమైతే ‘వెరీ షార్ట్’. అన్నిటికీ ఒకే ‘తక్కువ’ చాలదు.

ఇదే జబ్బు ‘ఎక్కువ’కూ ఉంది. ‘ఇవాళ నాకు పని ఎక్కువ’ అన్నదాన్ని ‘టుడే ఐ హావ్ మోర్ వర్క్’ అంటాం. విన్నవాడు ‘దేనికంటే?’ అని ఎదురుచూస్తాడు. పోలిక లేనప్పుడు ‘ఎ లాట్ ఆఫ్ వర్క్’ అనాలి. ‘మచ్ వర్క్’ అనవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ‘మచ్’ లేదన్నప్పుడూ ప్రశ్నించినప్పుడూ హాయిగా వినిపిస్తుంది, ఉందన్నప్పుడు బిగుసుకున్నట్టుంటుంది. ‘ఐ డోంట్ హావ్ మచ్ టైమ్’ సహజం, ‘ఐ హావ్ మచ్ టైమ్’ అసహజం. ‘ఎ లాట్ ఆఫ్’ ఎన్నికీ ఎంతకూ రెండింటికీ పనికొస్తుంది కాబట్టి తడబాటు వచ్చినప్పుడు దాన్ని పట్టుకోండి. క్రియ మాత్రం తరువాతి నామవాచకాన్ని బట్టి ఉంటుంది: ‘ఎ లాట్ ఆఫ్ వాటర్ ఈజ్’, ‘ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఆర్’.

‘చాలా’కూ ‘మరీ’కీ తేడా ఉన్నట్టే ‘వెరీ మచ్’కూ ‘టూ మచ్’కూ తేడా ఉంది. టూ అంటే మరీ, హద్దు దాటింది అని. ఇంటర్వ్యూలో ‘ఐ హావ్ టూ మచ్ ఎక్స్‌పీరియన్స్’ అంటే ‘నా అనుభవం ఈ ఉద్యోగానికి మరీ ఎక్కువైపోయింది’ అని చెప్పినట్టు.

లెస్, ఫ్యూయర్ గొడవ గురించి కూడా అడిగారు. పోటీ పరీక్షలకు సమాధానం ఒకటే: ఎన్ని జట్టుకు ఫ్యూయర్, ఎంత జట్టుకు లెస్. ‘ఫ్యూయర్ బస్సెస్’, ‘లెస్ ట్రాఫిక్’. సమయం, దూరం, సొమ్ము వాటి మొత్తంగా చూసినప్పుడు మాత్రం అంకె ఉన్నా లెస్సే వస్తుంది: ‘లెస్ దాన్ టెన్ మినిట్స్’, ‘లెస్ దాన్ ఫైవ్ కిలోమీటర్స్’, ‘లెస్ దాన్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్’. ఈ చివరి ముక్క మీద పరీక్షల్లో తరచూ ప్రశ్నలు వస్తాయి. అయితే ఇది పరీక్ష దాటి బయట అంత గట్టి నియమం కాదని కూడా తెలుసుకోండి. ఇంగ్లీషు వాళ్లు శతాబ్దాలుగా రెండుచోట్లా లెస్ వాడుతూనే ఉన్నారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన, సంఖ్య చెప్పేటప్పుడు ఫ్యూయర్ అయితే తనకు బాగుంటుందని రాశాడు. ఒక మనిషి ఇష్టంగా చెప్పిన మాట తరువాత పాఠ్యపుస్తకాల్లో నియమంగా గట్టిపడింది. ఇంగ్లండులో టెస్కో దుకాణాల వాళ్లు, కొద్ది వస్తువులే కొన్నవాళ్లు డబ్బు కట్టే వరుస దగ్గర ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ (పది లేదా అంతకంటే తక్కువ వస్తువులు) అని పెట్టిన బోర్డుల మీద ఆక్షేపణలు వస్తే, 2008లో వాటి స్థానంలో ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అనే మాట తెచ్చారు. కాబట్టి రాతలో మీరు నియమం పాటించండి. ఎదుటివాడు మాటల్లో ‘లెస్ పీపుల్’ అంటే సరిదిద్దబోకండి.

మీరు అడగకపోయినా, ఈ మాటల పక్కనే ఉండి ఇబ్బంది పెట్టే రెండు మూడింటిని త్వరగా చెప్పేస్తాను. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ తప్పు. ‘మా స్నేహితుల్లో ఒకరు’ అని తెలుగులోనే బహువచనం ఉంది చూడండి, దాన్నే నమ్ముకోండి: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’, క్రియ మాత్రం ఆ ఒక్కరిదే. ‘రెండు వందల మంది’లో వందలు బహువచనమైనా ఇంగ్లీషులో ‘టూ హండ్రెడ్ పీపుల్’. అంకె లేకుండా ‘వందలమంది’ అంటేనే ‘హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్’. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే పలువురు విద్యార్థులు, కాబట్టి ‘ఆర్’. ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే విద్యార్థుల సంఖ్య, కాబట్టి ‘ఈజ్’.

‘ఇద్దరూ రాలేదు’ దగ్గర కాస్త ఆగాలి. దాన్ని మాటకు మాటగా ‘బోత్ డిడ్ నాట్ కమ్’ అంటాం. అవతలివాడికి ఒక్కరే వచ్చారేమో అన్న అనుమానం వస్తుంది. ‘నైదర్ ఆఫ్ దెమ్ కేమ్’ అంటే అనుమానం ఉండదు. ‘ఆల్ ది ఎంప్లాయీస్ హావ్ నాట్ సబ్మిటెడ్’ అన్నా ఇదే తంటా. ఎవరూ ఇవ్వలేదా, కొందరు ఇవ్వలేదా? ఎవరూ ఇవ్వకపోతే ‘నన్ ఆఫ్’, కొందరు ఇవ్వకపోతే ‘నాట్ ఆల్’. ఆఫీసు మెయిల్‌లో ఈ తేడా వల్ల ఎవరి మీదనో లేనిపోని నింద పడవచ్చు, జాగ్రత్త.

సాధన గురించి. ఖాళీలు పూరించే పుస్తకాలు మీకు ఇక అక్కర్లేదు, వాటిలో మీరు ఎలాగూ నెగ్గుతున్నారు. రోజూ పది నిమిషాలు వంటింట్లో నిలబడి డబ్బాలు మూతలు తీసి చూస్తూ పైకి చెప్పండి. ఉప్పు డబ్బా తీసి ‘ఎ లిటిల్ సాల్ట్’, ఉల్లిపాయల బుట్ట చూసి ‘ఎ ఫ్యూ ఆనియన్స్’. తరువాత పదిమంది చుట్టాలు భోజనానికి వస్తున్నారనుకుని అవే డబ్బాలు మళ్లీ తీసి చెప్పండి. ఇప్పుడు ‘వెరీ లిటిల్ సాల్ట్’, ‘వెరీ ఫ్యూ ఆనియన్స్’ అని వాటంతట అవే వస్తాయి. పాలగిన్నె దగ్గర మాత్రం కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండండి.

ఇవాళే చేయవలసిన పని ఒకటుంది. మీరు పంపిన మెయిళ్లలో ‘ఫ్యూ’ అని టైపు చేసి వెతకండి. దొరికిన ప్రతి వాక్యాన్నీ తెలుగులో పైకి చదవండి, ‘కొన్ని’ అనిపిస్తోందా ‘కొన్నే’ అనిపిస్తోందా వినండి. ‘కొన్ని’ అనిపించి ముందు ‘ఎ’ లేనివి ఎన్నో లెక్కపెట్టి ఇక్కడ రాయండి, అవే వాక్యాలు తీసుకుని ముందుకు వెళదాం. ఎర్రగీత పడిన వాక్యాన్ని ‘వుయ్ హావ్ వెరీ లిటిల్ టైమ్’ అని మార్చండి. పనికి సరిపడా కొంత గడువు ఇంకా ఉందని మీ ఉద్దేశమైతే మాత్రం ‘ఎ లిటిల్ టైమ్’.